బీరువాలో లేని పుస్తకాలు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పుస్తకాల లిస్టు తీరిగ్గా చదివాను. వ్యాపం పోటీపరీక్షల గైడ్లు, జనరల్ నాలెడ్జి, మహానుభావుల జీవితాలు, పంచతంత్రం, నీతికథలు, ప్రేమ్‌చంద్ కథలు. ఆడపిల్లల హాస్టల్లో ఇవన్నీ ఉండాల్సినవే. ఉద్యోగంలో చేరీ చేరగానే బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని తీయించావు చూడు, ముచ్చటేసింది. చాలా బళ్ళలో ఆ తాళం సంగతి ఆడిట్ రోజున గాని ఎవరికీ గుర్తురాదు.

కానీ తల్లీ, నీ దగ్గరున్నవాళ్ళు పదకొండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు. ఆ ఏళ్ళలో ఒంట్లో వచ్చే మార్పులు, మనసు ఒకరి మీదికి పోవడం, ఒకరు చెయ్యి పట్టుకుంటే బాగుండడం, ఇంకొకరు భుజం మీద చెయ్యి వేస్తేనే ఒళ్ళు జలదరించడం, వీటి గురించి మాట్లాడే పుస్తకం ఆ లిస్టులో ఒక్కటీ లేదు. నీకు తోచలేదని అనుకోను. రాయబోతే చెయ్యి ఆగి ఉంటుంది. మేడం ఏమంటుందో, సర్పంచి ఏమంటాడో, ఏ పిల్ల తండ్రి వచ్చి గేటు దగ్గర గొడవ పెడతాడో అని. ఆ భయం ఉండడంలో తప్పులేదు. అది పోయేదాకా ఆగితే మాత్రం ఆ పిల్లలు పన్నెండో తరగతి దాటి వెళ్ళిపోతారు.

బస్తర్ ఇనుప గనుల ఊరు కిరండూల్లో మేమున్న రోజుల్లో బడి పుస్తకాల బీరువా చాలాకాలం నా చేతిలోనే ఉండేది. పుస్తకం మూసి అంచు వైపు చూస్తే పిల్లలు ఎక్కడ ఎక్కువసేపు ఆగారో తెలిసిపోతుంది. పదో తరగతి సైన్సు పుస్తకాలకి ఎప్పుడూ ఒకేచోట మురికి చార కనిపించేది, ప్రత్యుత్పత్తి పాఠం దగ్గర. కిరండూల్ గాలిలో ఇనుప ధూళి కదా, పిల్లల వేళ్ళ నుంచి కాగితానికి ఎక్కి ఆ చార కాస్త ఎర్రగా ఉండేది. పాఠం చెప్పేవాళ్ళు మాత్రం "ఇది మీరు ఇంట్లో చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవారు. ఆ పాఠంలో అంత దాచాల్సిందేముంది? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం అమీబా రెండుగా చీలడం గురించి చెబుతుంది, పువ్వులు, పుప్పొడి మీదుగా నడిచి నడిచి చివరికి మనిషి దగ్గరికొస్తుంది. అవయవాల బొమ్మలు, కండోము, కాపర్-టీ, ఆడపిల్లల్ని కడుపులోనే చంపేయడం గురించి నాలుగు మాటలు. అన్నీ నిజమే, అన్నీ కావలసినవే. అయితే ఆ పేజీ దగ్గర అంతసేపు ఆగిన పిల్ల వెతికింది కాపర్-టీ కోసం కాదు. "నాకిలా అవుతోంది, నా ఒక్కదానికేనా?" అన్న ప్రశ్నకి జవాబు కోసం. అది ఆ పేజీలో లేదు.

అక్కడ దొరకనిది ఇప్పుడు ఫోన్లో వెతుకుతారు. హాస్టల్లో ఫోను నిషేధమే అనుకో, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అన్న ఫోను ఉంటుంది, ఊళ్ళో ఎవరిదో ఒకరిది ఉంటుంది. ఫోను అన్నీ చూపిస్తుంది. అందులో కనిపించే ఆడమనిషి ఎప్పుడూ కాదనదు, ఎప్పుడూ అలిసిపోదు, నొప్పి అనదు. మగపిల్లలు అదే నిజమనుకుంటే రేపు నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు.

మరి ఏది మంచి పుస్తకం, ఏది కాదు అని ఎలా తేల్చాలి? "అశ్లీలం" అనే గిరి గీస్తే ఈ పని జరగదు. ఒక్క బొమ్మ లేకుండా, ఎంతో మర్యాదైన భాషలో రాసి కూడా తలుపు సందులోంచి తొంగి చూసే పుస్తకాలున్నాయి. అందుకని నేనొకటి పాటిస్తూ వచ్చాను. ఆ పేజీలో ఎవరి ఒంటి గురించి, ఎవరి కోరిక గురించి రాశారో ఆ మనిషే వచ్చి నా పక్కన కూర్చుంటే, నేను తల దించుకోకుండా ఆ పేజీ పైకి చదవగలనా? చదవగలిగితే ఆ పుస్తకం పిల్లల చేతికివ్వడానికి ఆలోచించవచ్చు. లేకపోతే ఎంత గొప్ప పేరున్నా నాకు అనుమానమే.

దీనికి బస్తర్‌ని మించిన ఉదాహరణ దొరకదు. నువ్వున్న చోటే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వెరియర్ ఎల్విన్ పేరు విన్నావుగా. ఇంగ్లండు నుంచి మిషనరీగా వచ్చి, ఆ పని వదిలేసి, గోండుల మధ్య కాపురం పెట్టినవాడు. 1947లో ఆయన పుస్తకం 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్' వచ్చింది. ఏడువందల పేజీలు దాటిన పుస్తకం. ఇప్పటి కొండగావ్, నారాయణపూర్ జిల్లాల్లో మురియా గోండుల ఊళ్ళలో పెళ్ళికాని పిల్లలు పొద్దుగూకాక చేరే ఇల్లు ఘోటుల్. మగపిల్లలు చెలిక్‌లు, ఆడపిల్లలు మొటియారీలు. ఆ ఇంటిని లింగో పెన్ నెలకొల్పాడని వాళ్ళ నమ్మకం. అందులో చేరిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక కొత్త పేరు, ఒక పదవి. బెలోసా అంటే ఆడపిల్లల్లో పెద్ద. మగపిల్లల్లో దివాన్, కోత్వార్ లాంటి పదవులు. వాకిలి ఊడవాలి, కట్టెలు తేవాలి, తేకపోతే జరిమానా. చెలిక్‌లు దువ్వెనలు చెక్కి ఇస్తే మొటియారీలు జుట్టులో పెట్టుకునేవారు. పాటలు, ఆటలు, ఊళ్ళో పెళ్ళయితే చాకిరీ. చిన్నపిల్లలు పెద్దపిల్లల్ని చూసి బతకడం నేర్చుకునే చోటు అది. ప్రేమలూ ఉండేవి, ఆ ప్రేమలకి కట్టుబాట్లూ ఉండేవి. తోటి తెల్లవాళ్ళు చాలామంది ఛీ అన్నదాన్ని ఎల్విన్ ఛీ అనలేదు. ఓపిగ్గా కూర్చుని విని, గౌరవంగానే రాశాడు.

కానీ బయటివాళ్ళు ఆ ఏడువందల పేజీల్లో ఏవి చదివారు? ఆ ప్రతుల అంచులు నేను చూడలేదు గాని ఎక్కడ చార పడిందో చెప్పగలను. వాకిలి ఊడవడాలు, కట్టెలు, జరిమానాలు వదిలేసి రాత్రుల దగ్గర ఆగారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని తర్వాత పత్రికలవాళ్ళు వచ్చారు, కెమెరాలవాళ్ళు వచ్చారు, సరదా కోసం టూరిస్టులు వచ్చారు. ఊరి పిల్లల కోసం కట్టుకున్న ఇల్లు ఊరుకాని వాళ్ళకి వినోదమైంది. ఘోటుళ్ళు చాలాచోట్ల సన్నగిల్లిపోయాయి. బడులు, హాస్టళ్ళు వచ్చాయి, అడవిలో తుపాకులు వచ్చాయి, బయటివాళ్ళ చూపు తెచ్చిన సిగ్గూ వచ్చింది. కారణం ఒక్కటని చెప్పలేం.

ఇంకో సంగతి కూడా చెప్పనీ. అదే ఎల్విన్ 1940లో కోసీ అనే గోండు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1949లో విడిపోయారు. మురియా పిల్లల రాత్రుల మీద అన్ని పేజీలు నింపినాయన తన ఆత్మకథలో ఆ పెళ్ళిని కొద్ది మాటల్లో దాటేశాడు. రామచంద్ర గుహ రాసిన ఎల్విన్ జీవితచరిత్ర చదివితే ఆవిడ గురించి మరికొంత తెలుస్తుంది. ఆయన్ని ఆడిపోసుకోవడానికి చెప్పడం లేదు. తన ఇంటి తలుపు మూసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఆ చెలిక్‌లకి, మొటియారీలకి ఆ హక్కు దొరకలేదు. వాళ్ళ గురించిన పుస్తకం వాళ్ళు చదవలేని భాషలో, వాళ్ళు కొనలేని ధరలో వచ్చింది. వాళ్ళ కోసం ఒక్క పేజీ రాలేదు.

నీ హాస్టల్లో ఆ మురియా ఊళ్ళ పిల్లలు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. ఎవరైనా ఆ పిల్లని ఘోటుల్ పేరుతో ఆటపట్టిస్తే, ముఖ్యంగా టీచర్లలో ఎవరైనా నవ్వుతూ అంటే, అక్కడికక్కడే ఆపెయ్. అలాగని నువ్వే ఎల్విన్ పుస్తకం పట్టుకుని "ఆ రోజుల్లో ఎంత స్వేచ్ఛో" అని పాఠం మొదలుపెట్టకు. అదీ తొంగి చూడడమే. ఆ పిల్లకి చెప్పాలనిపిస్తే వాళ్ళ నానమ్మ పాడిన పాట చెబుతుంది, ఊళ్ళో పెద్దలు పెట్టిన జరిమానా చెబుతుంది, లేకపోతే ఏమీ చెప్పదు. నువ్వు మాత్రం ఆ పుస్తకం చదువు. టీచరు చదవాల్సిన పుస్తకం అది, పిల్లల బీరువాలోది కాదు. దాని పక్కనే గుల్‌షేర్ ఖాన్ శానీ 'కాలా జల్' పెట్టుకో. జగదల్‌పూర్‌లో పుట్టిన మనిషి, బస్తర్‌లోని ముస్లిం కుటుంబాల లోపలి బతుకుని హిందీ నవలగా రాశాడు. ఇంట్లోంచి రాయడానికీ, బయట నిలబడి రాయడానికీ తేడా ఈ రెండూ పక్కపక్కన చదివితే అర్థమవుతుంది.

మన తెలుగిళ్ళు ఏదో మెరుగని అనుకునేవు. చలం 'మైదానం' 1927లో వచ్చింది. మా తరం ఆడపిల్లలం కూడా దాన్ని వారపత్రిక మధ్యలో పెట్టుకునే చదివాం. అందులో కథ చెప్పేది రాజేశ్వరే. వకీలు మొగుణ్ణి వదిలి అమీరుతో వెళ్ళిపోయిన ఆడది తన సంగతి తన నోటితో చెబుతుంది. రాజేశ్వరి నా పక్కన కూర్చుంటే ఆ పేజీలు పైకి చదవగలను. మా అత్తగారు కూర్చుంటే చదవలేకపోయేదాన్ని, అది వేరే సంగతి. అయినా పదమూడేళ్ళ పిల్లకి 'మైదానం' ఇవ్వను. ఆ కథలో ప్రేమ, దెబ్బ, మోజు, మొండితనం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడడానికి కాస్త వయసు రావాలి. నీకు వచ్చింది, చదువు. అదే చలం 'బిడ్డల శిక్షణ' కూడా రాశాడు, పిల్లల్ని కొట్టకుండా, బెదిరించకుండా పెంచండర్రా అని పోరుతూ. దాన్ని దాచుకుని చదవాల్సిన పనిలేదు గనక ఎవరూ చదవలేదు.

ఆ తర్వాత స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులు ఇంటింటికీ చేరాయి. విజయవాడ డాక్టరు, నాస్తికోద్యమం నడిపిన గోరా గారి అబ్బాయి. విశాఖ నుంచి పాసింజర్లో కిరండూల్‌కి పత్రిక ఆలస్యంగా వచ్చేది, వచ్చాక క్వార్టర్సులో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగేది. మొదటి పేజీలు నలిగేవి కావు. ఆ జవాబుల పేజీ మాత్రం తిరిగి తిరిగి మా ఇంటికి వచ్చేసరికి మడతల దగ్గర చిరిగి ఉండేది. ప్రశ్నలు చూస్తే అడిగినవాళ్ళలో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళే ఎంతోమంది. పదిహేనేళ్ళకి తెలియాల్సినవి ముప్ఫై అయిదేళ్ళకి, పేరు లేకుండా, ఊరు లేకుండా పోస్టులో అడిగారు పాపం. ఆయన వెటకారం చెయ్యకుండా, శాపనార్థాలు పెట్టకుండా జవాబు చెప్పాడు. అడిగినవాళ్ళు పక్కన కూర్చున్నా ఆ పేజీ చదవచ్చు.

సర్కారు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి బళ్ళలో కౌమార విద్య కార్యక్రమం పెట్టారు. 2007లో అందులోని బొమ్మల మీద గొడవ లేచింది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి. మన వెంకయ్య నాయుడు గారు అధ్యక్షులుగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బళ్ళలో లైంగిక విద్య కూడదని చెప్పింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, లైంగిక విద్య ఇస్తే పిల్లలు చెడిపోతారనుకోవడం అపోహ అంది. ఈ మధ్యలో ఎంతమంది పిల్లలు బడి దాటిపోయారో లెక్క వేసుకో. అయితే ఆ కార్యక్రమం పుస్తకాల మీద నాకూ ఒక ఫిర్యాదు ఉంది, బొమ్మల గురించి కాదు. లైంగిక విద్య మన బళ్ళలోకి రోగం పేరు చెప్పుకుని వచ్చింది. పదమూడేళ్ళ పిల్లకి తన ఒంటి గురించి మొదటిసారి చెబుతూ ముందు ఎయిడ్స్ మాట ఎత్తితే, ఆ ఒళ్ళు తనకి భయపడాల్సిన వస్తువే అవుతుంది. ఇష్టపడడం, సిగ్గుపడడం, కాదనడం, ఎదుటివాళ్ళు కాదంటే మారు మాట్లాడకుండా వెనక్కి తగ్గడం, వీటికి ముందు చోటు ఇవ్వాలి. రోగాల గురించి ఆ తర్వాత చెప్పినా వింటారు.

ఇక నీ బీరువాలోకి.

భోపాల్‌లో ఏకలవ్య సంస్థ హిందీలో వేసిన 'బేటీ కరే సవాల్' ముందు తెప్పించు. అను గుప్తా రాసిన పుస్తకం. పేరులో ఉన్నట్టే ఆడపిల్ల ప్రశ్నల వెంట నడుస్తుంది. నెలసరి ఎందుకు వస్తుంది, గుడ్డ ఎలా ఉతకాలి, ఎక్కడ ఆరెయ్యాలి దగ్గర్నుంచి. బొమ్మలున్నాయి, ఉండాల్సినంత ఉన్నాయి. నెలసరి మీద 'మెన్‌స్ట్రుపీడియా' అని బొమ్మల కథల పుస్తకం ఉంది. ఝార్ఖండ్‌లో గఢ్వా అనే చిన్న ఊళ్ళో పెరిగిన అదితి గుప్తా, తుహిన్ పాల్‌తో కలిసి తెచ్చింది. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి అదే నయం, వాళ్ళు ఎలాగూ బొమ్మల పుస్తకమే ముందు తీస్తారు. నీకోసం 'సవాలక్ష సందేహాలు' పంపుతున్నాను. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆడవాళ్ళ ఆరోగ్యం మీద తెచ్చిన పుస్తకం. పాతదే, మందుల సంగతులు కొన్ని మారి ఉంటాయి, అవి డాక్టరుని అడిగి సరిచూసుకో. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడే తీరు మాత్రం దానిలో నేర్చుకోవచ్చు. కోంటా వైపు దోర్లా పిల్లలుంటే వాళ్ళకి తెలుగు మాట అందుతుంది, అక్షరం రాకపోవచ్చు. వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే చదివి వినిపించు. మిగతావాళ్ళకి పుస్తకం హిందీలో ఉన్నా, దాని మీద కబుర్లు గోండీలోనో హల్బీలోనో చెప్పుకోనీ. హిందీలో అడగడానికి సిగ్గుపడిన పిల్ల ఇంటి భాషలో ఇట్టే అడిగేస్తుంది. నీకు హల్బీ సరిగా రాదు కాబట్టి పెద్ద క్లాసు పిల్ల ఒకత్తి చెబుతుంటే నువ్వు వింటూ కూర్చో. వాళ్ళ ముందు నీకు రానిది ఒకటి ఉండడం మంచిదే.

కథల పుస్తకాలూ కావాలి. ఒంటి గురించి చెప్పే పుస్తకం ఎంత మంచిదైనా పిల్లలు ఒకసారి చదువుతారు, కథని పదిసార్లు చదువుతారు. ప్రేమ ఉన్న కథలు తీసెయ్యకు. ప్రేమలో పడ్డ పిల్ల ఇంటి నుంచి పారిపోయి బాగుపడ్డ కథ ఒకటుంటే, పారిపోయి దెబ్బతిన్న కథ ఇంకొకటి పక్కన పెట్టు. రెండింటి మధ్యా ఏం జరిగి ఉంటుందో వాళ్ళే వాదించుకుంటారు. తన సాటి ఆడపిల్ల మీద మనసు పడ్డ పిల్ల కూడా నీ హాస్టల్లో ఉండచ్చు. పెద్దవాళ్ళ మధ్య ఆ ఇష్టం నేరం కాదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మన మాటల్లోకి ఇంకా రాలేదు. ఆ పిల్ల ఉందనుకునే మాట్లాడు, వెతికి పట్టుకోవడానికి మాత్రం చూడకు.

జగదల్‌పూర్‌లో లాలా జగదల్‌పురి గారి పేరు మీద జిల్లా గ్రంథాలయం ఉంది. హల్బీలో, భత్రీలో, హిందీలో రాసిన పెద్దాయన. వీలు చూసుకుని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళు. అంత పెద్ద గదిలో ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుని, ఎవరి మూలన వాళ్ళు చదువుకోవడం వాళ్ళు చూడాలి. చదువుకోవడం అంటే పరీక్షకే అనుకునే పిల్లలకి ఆ దృశ్యం పనికొస్తుంది.

బీరువా నడపడంలో కొన్ని చిన్న సంగతులు. ఇష్యూ రిజిస్టర్లో ఈ పుస్తకాల పేర్లు రాయమనకు. తన పేరు పక్కన ఆ పుస్తకం పేరు రేపు ఇంకొకళ్ళు చూస్తారని తెలిస్తే ఏ పిల్లా తీసుకోదు. ఒకటికి రెండు ప్రతులు పెట్టి, పోయినా ఫరవాలేదనుకో. పోయిన పుస్తకం ఎవరి ట్రంకు పెట్టెలోనో ఉంటుంది, అంటే చదువుతున్నారనే లెక్క. మూతకి గాటు పెట్టిన పాత బిస్కెట్ డబ్బా ఒకటి గోడకి తగిలించి, పేరు రాయకుండా ప్రశ్న చీటీ వెయ్యమను. వారానికోసారి తెరిచి, తెలిసినవి చెప్పు. తెలియనివి "కనుక్కుని చెబుతాను" అని చెప్పి, నిజంగా కనుక్కో. పక్క ఊరి మితానిన్ దీదీని, అదే ఆరోగ్య కార్యకర్తని, పిలువు. ఛత్తీస్‌గఢ్ మితానిన్‌లని 2002లోనే మొదలుపెట్టింది, దేశమంతా ఆశాలు రాకముందే. ఎవరి ఇంట్లో ఏ భాషలో ఏం చెప్పాలో నీకంటే నాకంటే వాళ్ళకి బాగా తెలుసు. కొన్ని చీటీల్లో బూతులు రాస్తారు, నిన్ను పరీక్షించడానికి. ముఖం మాడ్చుకోకు, ఎవరు రాశారని ఆరా తియ్యకు. ఆ బూతు వెనకాల ఉన్న ప్రశ్నకి మంచి మాటల్లో జవాబు చెప్పు. రెండోవారం నుంచి బూతులు తగ్గుతాయి.

ఒక్క చీటీ విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. 2013 జనవరిలో కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమ బడి సంగతి బయటికొచ్చింది. కాపాడాల్సినవాళ్ళే చిన్నచిన్న గిరిజన పిల్లల్ని పాడుచేశారన్న వార్త. అది చదివాక చాలాకాలం నేను ఏ హాస్టల్ ముందు నుంచి నడిచినా కిటికీల వైపు చూసేదాన్ని. పుస్తకం దుర్మార్గుణ్ణి ఆపదు, ఆ భ్రమ నాకు లేదు. కానీ తన ఒంట్లో ప్రతి భాగానికీ సిగ్గుపడనక్కర్లేని పేరు ఒకటి తెలిసిన పిల్ల, "నన్నిక్కడ ముట్టుకున్నాడు" అని చెప్పగలదు. పేరు తెలియని పిల్ల కడుపునొప్పి అంటుంది. అలాంటి చీటీ వచ్చినా, అలాంటి మాట చెవిన పడినా, ముందు ఆ పిల్లని నమ్ము. నువ్వే విచారణ మొదలుపెట్టకు, మేడం చూసుకుంటుందిలే అని వదిలెయ్యకు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. పిల్లల హెల్ప్‌లైను 1098 నంబరు అందరికీ కనిపించేలా గోడ మీద పెద్దగా రాయించు. ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని నీకు అనిపిస్తే నాకు ఫోను చెయ్యి, మీ తాతయ్య పింఛను ఇద్దరికీ సరిపోతుంది.

నీ సంగతి కూడా ఒకటుంది. నువ్వు ఫోన్లో చదవడం తప్ప పుస్తకం పట్టి ఎన్నాళ్ళయింది? రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట వరండాలో కూర్చుని, వాళ్ళకి కనిపించేలా, నీకు నచ్చిన పుస్తకమేదో చదువుకో. "చదవండి" అని ఒక్కమాట అనకు. మధ్యలో నవ్వొస్తే నవ్వు. ఎందుకు నవ్వావని ఒకత్తి వచ్చి అడుగుతుంది, ఆ వాక్యం చదివి వినిపించు. మర్నాడు ఇద్దరొస్తారు. కరెంటు పోతుందంటావేమో, ఎమర్జెన్సీ లైటు ఒకటి మీ అమ్మ కొని పంపిస్తానంది.

ఎవరో ఒకరు గొడవ పెట్టడం ఖాయం. పెట్టినప్పుడు పుస్తకం దాచెయ్యకు. ఆ తల్లినో తండ్రినో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, 'బేటీ కరే సవాల్'లో నెలసరి పేజీ తీసి వాళ్ళ ముందే పైకి చదువు. చాలామంది తల్లులు రెండో పేజీకే తమ ప్రశ్న అడుగుతారు. తండ్రులు లేచి బీడీ కాల్చుకోవడానికి బయటికెళతారు, వెళ్ళనీ. అప్పటికీ ఒప్పుకోని వాళ్ళ పిల్లకి ఆ పుస్తకం నువ్వుగా చేతికివ్వకు, బీరువాకి మాత్రం తాళం వెయ్యకు.

ఈ శుక్రవారం ఎస్. కోటలో పాసింజర్ ఎక్కే మనవాళ్ళబ్బాయి చేతికి పుస్తకాల కట్ట ఇచ్చి పంపుతున్నాను. దంతెవాడ స్టేషన్లో దించుతాడు, ఎవరినైనా పంపించు, బరువుగానే ఉంది. పైన ఉన్నవి నీవి. అడుగున 'బేటా కరే సవాల్' ప్రతులు పెట్టాను, మగపిల్లల కోసం ఏకలవ్య వాళ్ళే వేసినవి. ఆడపిల్లల హాస్టల్‌కి ఇవెందుకు అమ్మమ్మా అంటావేమో. దసరా సెలవులకి ఇంటికెళ్ళే పిల్లల సంచుల్లో ఒక్కొక్కటి పెట్టు. అన్నదమ్ములు లేని ఇల్లెక్కడుంది?

ప్రేమతో,
అమ్మమ్మ